అప్ప మెస్సు మూతపడిన సంగతి

అప్ప మెస్సు ఎందుకు మూతపడిందో నాకు తెలుసు. తెలిసి ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. మొన్న సాయంత్రం టీవీలో ఒకాయన, మన దేశం పెద్ద దేశాల సరసన కూర్చోబోతోందని సంబరంగా చెప్పి, ఆ వెంటనే కందిపప్పు ధర మళ్ళీ పెరిగిందని అదే మొహంతో చదువుతుండగా, మా బావ ఫోన్ చేశాడు. బావంటే చుట్టరికమేమీ లేదు. కాంట్రాక్టు పనిలో ఇద్దరం కలిసి ఇనుప గొలుసులు లాగిన స్నేహం. ధరల మాట రాగానే అలవాటుగా, కుర్రతనంలో మేము అప్ప మెస్సుని తిని తిని దివాలా తీయించిన కథ మొదలుపెట్టాడు. నేనూ అలవాటుగా నవ్వాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, ఏమంత నవ్వొచ్చిందని అడిగింది. టీవీ కట్టేసి లేచాను.

డెబ్భైలు వెళ్ళి ఎనభైలు వస్తున్న రోజులవి. ఇరవై ఏళ్ళవాణ్ణి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగి, అక్కడి ఉక్కు కర్మాగారం లోపల ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాను. పర్మనెంటు వాళ్ళకి ధరలు పెరిగినకొద్దీ కరువు భత్యం పెరిగేది. అదే పొగ పీల్చి, అదే వేడిలో మాడే మా కాంట్రాక్టు వాళ్ళకి మాత్రం, చేరినప్పుడు ఎంత కూలో ఏడాది తర్వాతా అంతే. దేశం ముందుకు పోతోందనడానికి సాక్ష్యంగా కొత్త షెడ్లు మా కళ్ళముందే లేచేవి, వాటికి బోల్టులు బిగించింది మేమే. అయినా సాయంత్రం బిష్టుపూర్ బజారుకి వెళ్ళి, సబ్బు చేతిలోకి తీసుకుని, ధర విని, తిరిగి పెట్టేసి వచ్చేవాళ్ళం.

మాకు తిండి పెట్టింది అప్ప. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. భర్త పోయాక, ఊళ్ళోనే కద్మా పేటలో ఒకరి ఇంటి వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని, ఎనిమిదేళ్ళ కూతుర్ని పక్కన పెట్టుకుని, మాలాంటి కుర్రాళ్ళ కోసం మెస్సు నడిపేది. నెల డబ్బు ముందే కట్టాలి, అన్నం మాత్రం ఎంత కావాలంటే అంత. మా వైపు కూర్చున్న మనిషికి కొలిచి వడ్డించడమంటే మొహం మీద తలుపు వెయ్యడమే కనుక, ఆమెకి ఇంకో పద్ధతి తోచలేదు. తోచినా ఒప్పుకునేది కాదు. ఇంకో పట్టింపు కూడా ఉండేది: కంచం ముందు కూర్చున్న ఆఖరివాడు లేచి చెయ్యి కడుక్కునేదాకా ఆమె గాని, పిల్ల గాని ముద్ద ముట్టేవాళ్ళు కాదు. తర్వాత గిన్నెలో ఏముంటే అదే వాళ్ళ భోజనం.

నూనె, పంచదార, ఉల్లిపాయ, కిరసనాయిలు, ఒకదాన్ని చూసి ఒకటి ఎగబాకుతున్న ఆ ఏడాది, అప్ప రేటు ఒకసారి పెంచింది. సణుక్కుంటూ కట్టాం. కొన్ని నెలలకి మళ్ళీ పెంచక తప్పలేదు. చేతులు కొంగులో దాచుకుని, తప్పు చేసినదానిలా గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. ఆమె అటు తిరగ్గానే బావ అన్నాడు:

“పెంచనీరా, ఏటవుద్ది? కంచంలోనే వసూల్ సేసీద్దాం, హిసాబ్ బరాబర్!”

అలా మొదలైంది పందెం. వారమంతా అన్నం తక్కువసార్లు అడిగినవాడు, ఆదివారం గెలిచినవాడికి సినిమా చూపించాలి. మా కూలి పెంచని కాంట్రాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళం; ఆ కోపమంతా తెచ్చి, మాకు అన్నం పెట్టే మనిషి మీద తీర్చుకున్నాం. అప్పుడు అది కోపమని కూడా తెలియదు, సరదా అనుకున్నాం.

పప్పు పల్చబడింది. “అప్పా, పప్పులోకి సువర్ణరేఖ ఏరు ఇడిసినావేటి?” అని ఒకడు అరిస్తే, “ఇడిసినాన్రా, ఈతొత్తే దిగు,” అనేది ఆమె, గరిటె ఆపకుండా. “రేటు పెరిగింది గాని గరిటె పెరగనేదేటప్పా?” అని ఇంకొకడు. దానికీ నవ్వేది. నేను చూడ్డానికి సన్నంగా ఉండేవాణ్ణి గాని పందెంలో నన్ను కొట్టినవాడు లేడు. నాకు గోదాం అని పేరు పెట్టారు. ఆ పేరు విని పొంగిపోయేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం క్రేను చెడిపోయి మమ్మల్ని పంపించేశారు. మిగతావాళ్ళు బజారుకి పోయారు, నేను ఆరేసిన బట్టలు తీసుకుందామని మెస్సు పెరట్లోకి వెళ్ళాను. పిల్ల కుళాయి దగ్గర వరసలో ఉంది. అప్ప గట్టు మీద కూర్చుని, గంజి రెండు గ్లాసుల్లోకి వంచి, ఉప్పు కలుపుతోంది. పక్కనే పొద్దుట మేం ఖాళీ చేసిన అన్నం గిన్నె, కడిగినట్టుగా ఉంది. నన్ను చూసి గ్లాసుల మీద పళ్ళెం బోర్లించింది.

“ఎవుళికీ సెప్పకు, తమ్ముడా. మెస్సులో కూడు సాల్నేదని తెలిత్తే రేపు ఎవుడొత్తాడు?”

తల ఊపాను. ఆమె అడిగింది మౌనం ఒక్కటే. తక్కువ తినమని అడగలేదు, అడగదు కూడా ఆ మనిషి. అది నేను ఎవరికీ చెప్పకుండానే చెయ్యగలిగిన పని.

ఆ రాత్రి రెండోసారి వడ్డన కాగానే లేద్దామనే అనుకున్నాను. “ఏట్రా గోదాం, అప్పుడే తాళమేసినావా?” అన్నాడు బావ. అందరూ గొల్లుమన్నారు. నేను కంచం ముందుకు తోశాను. అప్ప నా ఎదుట నిలబడి, ఒక్కసారి నా మొహంలోకి చూసి, వడ్డించింది. ఒక్క మెతుకు తగ్గించలేదు. మళ్ళీ అడిగాను. గిన్నె అడుగు గీకి వేసింది. పందెం నేనే గెలిచాను.

తర్వాత ఎన్నో రోజులు నిలవలేదు. బియ్యం కొట్టువాడు సరుకు ఆపేశాడు, పెద్ద గిన్నెలు అమ్ముడుపోయాయి, అప్ప తట్ట పట్టుకుని కంకర మోయడానికి మేము పనిచేసే చోటుకే వచ్చింది. పైన ఇనుప దూలం మీద ఉన్న నేను, కింద ఆమెని చూసి, రెండోవైపు నిచ్చెన దిగి వెళ్ళిపోయాను. మనవాళ్ళు నలుగురూ చేరినచోట, ఆశకి పోయి రేట్లు పెంచి మునిగిందనే చెప్పుకున్నారు. నన్నడిగితే, అవునన్నాను. ఈ అవునన్న మాటని వెనక్కి తీసుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

తర్వాత నాకు పర్మనెంటు అయింది, కరువు భత్యం వచ్చింది, క్వార్టరు వచ్చింది. ఇప్పుడు ఏ హోటలుకి వెళ్ళినా గిన్నెతో కొలిచే పెడతారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు. మా రోజుల్లో ఇంత పిసినారితనం లేదని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తారు. నాకు మాత్రం ఈ కొలతే నయమనిపిస్తుంది. ఆ కొలవని అన్నం కోసం ఎక్కడో ఒక మూల మనసు పీకుతుంది, అది వేరే సంగతి.

అప్ప పోయి కొన్నేళ్ళయింది. కబురు తెలిసీ వెళ్ళలేదు. బావ ఫోన్ చేసిన మర్నాడు, టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న ఆమె కూతురి దగ్గరికి వెళ్ళాను. “అరే, మామా! ఆయియే, ఆయియే,” అంటూ కుర్చీ వేసి, టీ ఇచ్చింది. మెస్సు రోజుల ప్రస్తావన తనే తెచ్చింది.

“కిటికీలోంచి చూసేదాన్ని మామా, మీరెప్పుడు లేత్తారా అని. బహుత్ గుస్సా ఆతా థా, శానా కోపమొచ్చీది. అమ్మ మాత్రం ఆఖరిదాకా ఒకటే మాట. ‘ఆ కుర్రోళ్ళకి తెల్దే గుంటా, తెలిత్తే అలాగ తింటారేటి?’ అనేది. ఇసీలియే ఇప్పుడు మీ మీద నాకేం నేదు.”

నన్ను కాపాడటానికి, తన పిల్లకి కూడా అప్ప అబద్ధం చెప్పింది. ఆ అబద్ధంతోనే ఈ పిల్ల ఇన్నాళ్ళూ కాస్త నెమ్మదిగా ఉంది. టీ తాగేసి లేచి రావచ్చు. ఒక్క నిమిషం, రావాలనే అనిపించింది.

“నాకు తెలుసమ్మా,” అన్నాను. “మీ అమ్మ గంజి వంచుతంటే సూసినాను. సూసి, ఆ పూటే అందరికన్నా ఎక్కువ తిన్నాను. మెస్సు మూయించింది మీ అమ్మ ఆశ కాదు, మేం. తప్పయిపోనాది తల్లీ, నన్ను సెమించు.”