మరిడమ్మ గడ్డి గొయ్యి

తెల్లవారుతూనే మరిడమ్మ సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, గుక్కెడు మంచినీళ్లైనా తాగకుండా ముందు గేదె గిట్టలు తడిమి చూసేది. తొంభై ఏడు వేసవిలో ఆవిడ పెద్ద గేదె గిట్టలు ఊడిపోయి, లేవలేక చనిపోయింది మరి. చేలల్లోంచి దిగే మురుగు కాలువ నీళ్లలో సెలీనియం అనే విషం ఉందని పశువుల డాక్టరు లోకనాథ్ గారు పరీక్ష చేయించి చెప్పారు. ఎండాకాలం పంట కాలువ కట్టేస్తే మా శివారు పశువులకు ఆ నీళ్లే గతి.

ఉపాయమూ ఆయనే చెప్పారు. కాలువ పక్కన గొయ్యి తీసి, వరిగడ్డి నింపి, నీటిని అందులోంచి మెల్లగా పారనివ్వాలి. కుళ్లే గడ్డిలో పెరిగే సూక్ష్మజీవులు విషాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. విషం పట్టిన పాత గడ్డిని మాత్రం ఏటా తీసి, పశువుల నోటికి అందకుండా పూడ్చెయ్యాలి.

మరిడమ్మ తన చేలోనే గొయ్యి తవ్వించింది.

"గేదెకి కాఫీలా నీళ్లు వడకట్టి పోస్తున్నావేంటి మరిడమ్మా?" అని నవ్వారు మా ఊరి పెద్ద, పక్కచేను పెద్దిరాజు గారు.

"మీకు కాఫీ వడకట్టకుండా ఇస్తే ఊరుకుంటారేంటండి?"

రెండో పరీక్షలో విషం బాగా తగ్గింది. పెద్దిరాజు గారి పశువులూ, ఆ వెనకే ఊరి పశువులన్నీ అక్కడికే వచ్చాయి.

మరుసటి వేసవిలో మరిడమ్మకు టైఫాయిడ్ వచ్చింది. పక్కింటి పాపాయి మూడు వారాలు జావ కాచి తాగించింది. గేదెనీ తనే చూసింది. మా వైపు గడ్డి కాలికి తగిలితే కళ్లకద్దుకుంటాం. మరిడమ్మ గొయ్యిలోంచి తీయించి, జ్వరం వల్ల పూడ్చలేక గట్టున వదిలేసిన పాత గడ్డిని చూసి పాపాయి ప్రాణం ఒప్పలేదు. దానిలో విషం ఉంటుందని మరిడమ్మ ఆమెకెప్పుడూ చెప్పలేదు.

"లక్ష్మిని పారేస్తామా వదినా? కడిగి, ఎండబెట్టి మేతకు వేశాను," అంది, గేదె గిట్టలు పగిలాక.

ఆ గడ్డిలోనే విషం ఉందని మరిడమ్మ అప్పుడు చెప్పింది. నాలుగో రోజున గేదె పోయింది.

గొయ్యి నీళ్లే చంపాయని ఊరంతా అన్నారు. "నీళ్లు కాదండి, పాత గడ్డి తిని పోయింది," అంది మరిడమ్మ.

"ఎవరు వేశారు? నువ్వు మంచంలో ఉన్నావుగా!" అన్నారు పెద్దిరాజు గారు. తనకు జావ కాచి పోసిన పాపాయి పేరు ఆవిడ ఎలా చెబుతుంది? "చెప్పవుగా! రేపు పొద్దున్నే పూడ్పించేస్తాను."

గొయ్యి పూడిస్తే ఊరి పశువులన్నీ మళ్లీ మురుగు కాలువలోకే దిగుతాయి.

పాపాయి ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు. మరిడమ్మ గోడ పట్టుకుంటూ వెళ్లి, ఆమె పక్కన కూర్చుంది.

"నీ పేరు నా నోట రాదు పాపాయీ. ఆ గడ్డి వేసింది నువ్వేనని పెద్దిరాజు గారికి నువ్వే చెప్పాలి. నీ పక్కన నేను నిలబడతాను. నాకీ ఒక్క సాయం చెయ్యమ్మా."