మామ పిల్లనిచ్చే ఆటగాళ్ళు

మా మేనత్త భర్త టీవీలో క్రికెట్ చూసేది స్కోరు కోసం కాదు. ఏ ఆటగాడికి పిల్లనివ్వచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చడానికి.

బెంగళూరు చిక్కపేటలో మాది చీరల హోల్‌సేల్ దుకాణం. రెండు సందుల అవతల మామది ఇనుప సామాన్ల దుకాణం. తాళాలు, గడియలు, బందులు, మేకులు. హిందూపురం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. పెద్ద టీవీ మామ ఇంట్లోనే ఉండేది కాబట్టి ఇండియా ఆడే రోజున అందరం అక్కడ చేరేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది.

వికెట్ తీసిన బౌలర్ అవుటైనవాడికి పెవిలియన్ దారి వేలితో చూపించాడంటే మామ తల అడ్డంగా ఊపేవాడు.

"వీనికి ఇయ్యకూడదప్పా. రేపు ఇంటికొచ్చిన చుట్టాలకు గూడా ఇట్లే వాకిలి చూపిస్తాడు."

అవుటై బ్యాటు నేలకేసి కొట్టినవాడి గురించి, "కూరలో ఉప్పు తక్కువైతే గిన్నె ఇసిరేసే రకం" అనేవాడు. ఎవరైనా విదేశీ బౌలర్ పరుగు తీస్తూ పడిపోయిన మనవాడికి చెయ్యి అందించి లేపితే మాత్రం మామ ముఖం వెలిగిపోయేది. "ఇయ్యచ్చు. కండ్లు మూసుకుని ఇయ్యచ్చు."

వంటింట్లోంచి అత్త అందుకునేది. "వాళ్ళ దేశం యాడుండాదో తెలుసునా? పండక్కి పిల్లను పిల్చుకొచ్చేదానికి విమానం చార్జీ ఎవురిస్తారు?"

మామ టీవీ మీంచి చూపు తిప్పకుండా, "గుణం చెప్తాండానంతే" అనేవాడు.

అంపైర్ వేలెత్తకముందే తనంతట తాను నడిచి వెళ్ళిపోయే బ్యాట్స్‌మన్ అంటే మామకు అందరికంటే గొప్ప. అలాంటిది చూసిన రోజు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. "చూడండప్పా. బాల్ తగిలింది వానికి తెలుసు, దేవునికి తెలుసు. ఇంగెవురికీ తెలీదు. అయినా పోతాండాడు చూడు." నోటికొచ్చినట్టు మాట్లాడినందుకు మ్యాచ్ రిఫరీ ఎవరికైనా ఫీజులో కోత వేశాడని తెలిస్తే, కుదరబోయిన సంబంధం చెడిపోయినట్టు నిట్టూర్చేవాడు.

నేను గోడవారగా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. ఇంటికి వెళ్ళాక, ఆ రోజు ఎవరికి సంబంధం కుదిరిందో ఎవరికి తప్పిందో డైరీలో రాసుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

మామ కూతుర్ని పెళ్ళి చేసుకుంటానని మా అన్న ఇంట్లో చెప్పేదాకా ఇదంతా నవ్వులాటే.

ఆమె మామకు ఒక్కతే కూతురు. అన్నకు మరదలు. నాకంటే పెద్దది కాబట్టి నాకు ఎప్పట్నుంచో వదిన. అత్త సంతోషానికి హద్దు లేదు. మామ అవుననలేదు, కాదనలేదు. బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీలో ఇంజినీరుగా పనిచేసే అబ్బాయి సంబంధం ఆయన దగ్గరికి అప్పటికే వచ్చి ఉంది. అంతకాలం మా అన్నను నోరారా "అల్లుడా" అని పిలిచినవాడు, తొందరపడి మాట ఇచ్చేసినట్టవుతుందని కాబోలు, ఆ వారం నుంచి జాగ్రత్తగా "ఏమప్పా" అనడం మొదలుపెట్టాడు.

"ఆదివారం మ్యాచ్‌లో చూస్తా" అన్నాడు మా నాన్నతో. "ఇంట్లో అందురూ మంచోళ్ళే. గ్రౌండ్‌లో తెలుస్తాది."

ఏటా ఒక ఆదివారం, దుకాణాలు మూసి ఉండే రోజు, చీరల సందుకూ ఇనుప సందుకూ మ్యాచ్ జరిగేది. చీరలోళ్ళు, ఇనుపోళ్ళు అనేవాళ్ళు. మామ ఇనుపోళ్ళ కెప్టెన్. జుట్టు నెరిసినా ఓపెనింగ్ ఆయనే దిగేవాడు. అన్న మా ఫాస్ట్ బౌలర్. చిక్కంతా ఏమిటంటే, ఇంట్లో అంత నెమ్మదస్తుడు మైదానంలో అచ్చంగా మామ పిల్లనివ్వని రకం. టీవీలో చూసినవన్నీ నేర్చుకున్నాడు. బాల్ వేసి సగం పిచ్ దాకా వచ్చి గుడ్లురిమేవాడు. మోకాళ్ళ మీద కూలబడి అప్పీలు చేసేవాడు. వేలితో దారి కూడా చూపించేవాడు.

అవన్నీ మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ మా జట్టు కెప్టెన్, పక్క చీరల దుకాణం వాళ్ళబ్బాయి, ఊరుకోలేదు.

"పెద్ద టీములన్నీ నోటితోనే సగం గెలుస్తాండాయి. బాల్ బాల్‌కీ ఆ పెద్దాయన్ను ఏదో ఒకటి అనాల. అనకపోతే కొత్త బాల్ నీకియ్యను" అన్నాడు.

శనివారం సాయంత్రం అన్న నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు పుస్తకాలు చదువుతావు కదా. మన కెప్టెన్‌కి తిట్టినట్టు వినబడాల. మామకి మర్యాదగా ఉండాల. అట్లాంటివి నాలుగు చెప్పు."

"మామని ఏమని పిలుస్తావు?"

"మామా అనే. మీరు అనే. ఇంగేమంటా?"

సగం పని అక్కడే అయిపోయింది. 'మామా' అని మొదలుపెట్టి 'మీరు' అని గౌరవిస్తూ ముగించే వాక్యంలో ఎంత కారం పోసినా అది పాయసంలాగే వినబడుతుందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నాలుగు అడిగితే డజను చెప్పాను. ఎప్పుడూ పెదవి విప్పని నాలోంచి అన్ని ఎలా వస్తున్నాయా అని నాకే భయం వేసింది. అన్న బీరువా అద్దం ముందు నిలబడి, కళ్ళు ఉరుముతూ మర్యాదగా మాట్లాడటం అభ్యాసం చేశాడు.

మరునాడు స్కూలు మైదానంలో ఆడవాళ్ళం వేపచెట్టు నీడన జంఖానా పరుచుకుని కూర్చున్నాం. నా ఒక పక్క అత్త, ఇంకో పక్క వదిన. మాకూ పిచ్‌కీ దూరం తక్కువే. మాటలన్నీ వినబడతాయి. స్కూలు డ్రిల్ మాస్టరు, కన్నడాయన, అంపైర్.

మొదట మా చీరలోళ్ళు బ్యాటింగ్ చేశారు. ఏదో ఆడామనిపించారు. తర్వాత మామ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. అన్న మొదటి బాల్ వేసి, సగం పిచ్ దాకా వెళ్ళి, గుడ్లురిమి అన్నాడు.

"మామా, నిలబడి నిలబడి మోకాళ్ళు నొప్పి పుడతాయేమో. పోయి నీడలో కూర్చోండి."

స్లిప్‌లో మా కెప్టెన్ తృప్తిగా చప్పట్లు కొట్టాడు. మామ బ్యాటు మీద వాలి, కదిలిపోయిన గొంతుతో, "పర్వాలేదప్పా. రాత్రే నూనె రాసినా" అన్నాడు.

ఇంకో బాల్.

"మామా, ఎండకు మీకు కండ్లు సరిగ్గా కనబడతాండాయా?"

"చత్వారముండాది గానీ దూరం బాగానే కనబడతాదప్పా."

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. మామ మాత్రం వికెట్ కీపర్ వైపు తిరిగి, "ఈ కాలంలో పెద్దోళ్ళ గురించి ఇంత ఇచారించే పిల్లోళ్ళు యాడుండారు?" అంటున్నాడు. ఉత్సాహం పట్టలేక అన్న నేను చెప్పినవాటిలో అన్నిటికంటే పదునైనది తీశాడు.

"మామా, బాల్ రవ్వంత మెల్లగా వేసేదా?"

"వెయ్యప్పా" అన్నాడు మామ, వెంటనే.

ఈ జవాబు వస్తుందని నేను ఊహించలేదు. పిల్లనివ్వాల్సిన మనిషి నోరు తెరిచి అడిగాడు. కాదంటే ఎలా? అన్న మెల్లగా వేశాడు. మామ దాన్ని గోడ అవతలికి కొట్టాడు. మళ్ళీ మెల్లగా వేశాడు. మామ మళ్ళీ కొట్టాడు. మా కెప్టెన్ పరుగెత్తుకొచ్చి అన్న చెవిలో ఊదిన మాటలు మాత్రం మాకు వినబడలేదు. వినబడకపోవడమే మంచిదైంది.

అన్న ముఖం ఎర్రబడింది. ఆ తర్వాతి బాల్ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేశాడు. టక్‌మన్న చప్పుడు వేపచెట్టు కింద మాకు కూడా వినబడింది. బాల్ మామ బ్యాటు అంచు రాసుకుని కీపర్ చేతుల్లోకి వెళ్ళింది. చీరలోళ్ళందరూ ఒక్క గొంతుతో అరిచారు. అన్న కూడా నోరు తెరిచి చేతులు పైకెత్తాడు. ఎత్తినవాడు, ఏదో గుర్తొచ్చినట్టు ఆ చేతుల్ని అలాగే తల మీదికి తెచ్చి జుట్టు దువ్వుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కంట్లో దుమ్ము పడి నలుపుకుంటున్న డ్రిల్ మాస్టరు, బౌలరే అడగటం లేదు కదా అని తల అడ్డంగా ఊపాడు.

అందరూ మామ వైపు చూశారు. ఇన్నేళ్ళు టీవీ ముందు ఆయన చెప్పిన తీర్పులన్నీ విన్న వాళ్ళే అందరూ. మామ ఎవరి వైపూ చూడలేదు. వంగి ప్యాడ్ పట్టీ సవరించుకున్నాడు. పిచ్ మీద లేని గుంతను బ్యాటుతో చాలాసేపు తట్టాడు. మళ్ళీ గార్డ్ తీసుకుని నిలబడ్డాడు.

అత్త చెంబులోంచి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, తాపీగా అంది. "మా నాయన ఆ కాలంలో క్రికెట్ చూసింటే నన్ను ఈయనకు ఇచ్చిండడు."

ఆ చెట్టు కింద నేను నవ్విన నవ్వు నా జీవితంలో నలుగురిలో నవ్విన మొదటి పెద్ద నవ్వు. వదిన మాత్రం నవ్వలేదు. గడ్డి పరకలు తుంచుతూ, జుట్టు దువ్వుకున్న మా అన్ననే చూస్తోంది. "అవుటని తెలిసి గూడా బావ నోరు మూసుకున్నాడు. మా నాయనకు భయపడి. రేపు నా తరఫున ఒక మాట మాట్లాడాలన్నా ఇట్లే తల దువ్వుకుంటాడేమో" అంది.

మామ చివరిదాకా ఆడి ఇనుపోళ్ళను గెలిపించాడు.

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు వడ్డించాలన్నది ఆ మ్యాచ్ ఆనవాయితీ. చీరలోళ్ళు వరసగా ఆకుల ముందు కూర్చున్నారు. మామ ప్యాడ్లు విప్పకుండానే బిసిబేళబాత్ బక్కెట్టు పట్టుకుని వచ్చాడు. గరిటె నింపి అన్న ఆకు మీదికి వంచబోతుండగా వెనక నుంచి అత్త అడిగింది.

"అల్లుడా, ఆ బాల్ తగిలిందా లేదా?"

గరిటె గాల్లో ఆగిపోయింది. వరసంతా నములుడు ఆపింది.

"చెప్పప్పా" అన్నాడు మామ, ముందుకు వంగినవాడు వంగినట్టే. "నువ్వే కదా బౌలరు."

తగిలిందంటే పిల్లనిచ్చే మనిషిని పది మందిలో దొంగను చేసినట్టు. తగల్లేదంటే ఆ చప్పుడు విన్న వదిన ఎదురుగా పచ్చి అబద్ధం. అన్న నా వైపు చూశాడు. అన్నతో పాటు వరసంతా నా వైపు చూసింది. నేను చేతిలోని అప్పడాల బుట్టలోకి చూశాను.

"తగిలింది మామా" అన్నాడు అన్న. "నాకు బాగా ఇనబడింది."

గరిటెలోంచి ఒక చుక్క ఆకు మీద పడింది.

"అయితే ఆ బాల్ కోపంలో వేసినా. నా కాలు గీత దాటింది. అంపైర్ సార్ కండ్లు నలుపుకుంటా చూసుకోలేదు. నో బాల్‌కి నేనెట్ల అప్పీలు చేసేది?"

అందరూ డ్రిల్ మాస్టరు వైపు తిరిగారు. ఆయన పెరుగన్నంలో వేళ్ళు పెట్టి, "ఇరబహుదు" అన్నాడు. ఉండొచ్చు అని.

మామ నిటారుగా నిలబడ్డాడు. "నో బాలని నాకప్పుడే అనుమానం. అందుకే పోలేదు."

"బాల్‌ను వదిలిపెట్టి పిల్లోని కాలు చూస్తా ఉంటిరా?" అంది అత్త. "ఇంగ తగలక ఏం చేస్తాది?"

వరసంతా గొల్లుమంది. మామ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అన్న ఆకు మీద ఒక గరిటె, దాని మీద ఇంకో గరిటె వేసి, "నెయ్యి యాడప్పా, అల్లునికి నెయ్యి తెండి" అని కేకేశాడు.

మామ వైపు నుంచి అయితే అది తేలిపోయినట్టే. వదిన వైపు నుంచి ఇంకా తేలలేదు. అందరి భోజనాలూ అయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నన్ను అడిగింది.

"ఆ మోకాళ్ళ మాటలు, కండ్ల మాటలు నువ్వు చెప్పిచ్చినవే కదమ్మే?"

తలూపాను.

"నో బాల్ గూడానా?"

"లేదు వదినా."

"నిజంగా కాలు దాటిందా?"

"నాకు కనబడలేదు."

ఆమె కుళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే ఆ మాట బావ సొంతమే. ఆ ఇంజినీరువాళ్ళకు వద్దని కబురు పంపమని అమ్మకు చెప్తా పా" అంది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "పెళ్ళయినాక ఆయనకు మాటలు అందియ్యొద్దు నువ్వు. నాకు అందియ్యి."