మల్లయ్య తాత పారబోసిన నీళ్ళు

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా వాడకట్టుకు ఎండాకాలం నల్లా నాలుగు రోజులకోసారి వచ్చేది. ఆ పొద్దు ఇంట్లో పండగో, యుద్ధమో చెప్పడం కష్టం! బిందెలు, బకెట్లు, ఆఖరికి బాపు టిఫిన్ డబ్బా కూడా వరుసలో నిలబడేది.

మా అమ్మకు నీళ్ళ దగ్గర మహా పట్టింపు. నల్లాకు తెల్లబట్ట కట్టాల్సిందే... బిందెలో పటిక తిప్పాల్సిందే... తాగే నీళ్ళలో చెయ్యి పెట్టామా, వీపు విమానం మోతే.

ఆ ఏడు తాగే నీళ్ళు నిలవ ఉంచే మా గోలెం పగిలింది. సాంచాల మీద బట్ట నేసే మా బాపు ఎక్కడెక్కడో అడిగి, నూలుకు రంగులద్దే షెడ్డు నుంచి ఒక నీలం డ్రమ్ము తెచ్చాడు. రంగుల్లో కలిపే మందు అయిపోయాక ఖాళీ డ్రమ్ములను అక్కడ అగ్గువకు ఇచ్చేవారు. మా వాడకట్టులో చాలా ఇళ్ళల్లో వాడుక నీళ్ళకు అవే. గట్టిగా ఉంటుంది, మూత ఉంటుంది, బల్లి పడదు, ఎలుక పడదు... ఇంకేం కావాలి?

అమ్మ దాన్ని ఒకసారి చింతపండుతో, ఒకసారి బూడిదతో, ఒకసారి సబ్బుపొడితో తోమింది. లోపలికి తలపెట్టి వాసన చూసి, "ఇగ దీంట్ల పాలు పోసి దాసినా ఏం గాదు" అని మురిసిపోయింది.

నల్లా వచ్చిన రోజు బిందె తర్వాత బిందె మోసి డ్రమ్ము నింపాం. అప్పటికి తమ్ముడికి ఇంకా ఏడాది నిండలేదు. ఎండకు, పళ్ళు వచ్చే చిరాకుకు ఒకటే ఏడుపు. అమ్మ మొదటి చెంబు వాడి కోసమే ముంచింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని చిన్న గ్లాసులో పోసింది...

సరిగ్గా అప్పుడే అగ్గిపెట్టె కోసమని పక్కింటి మల్లయ్య తాత లోపలికి వచ్చాడు. ఆయన బతుకంతా రంగుల షెడ్డులోనే గడిచింది. ఎంత కడిగినా గోళ్ళకు పట్టిన రంగు పోయేది కాదు. వస్తూనే డ్రమ్ము చూశాడు.

"గీ డ్రమ్ము యాడిది బిడ్డా?"

"మీ షెడ్డుదే మామా. మూడుసార్లు తోమిన" అంది అమ్మ గొప్పగా.

తాత గబగబా దగ్గరికొచ్చాడు. అమ్మ చేతిలోని గ్లాసు లాక్కుని నీళ్ళు విసిరికొట్టాడు. తర్వాత రెండు చేతులూ డ్రమ్ముకు ఆనించి ఒక్క తోపు తోశాడు. మేం మోసిన నీళ్ళన్నీ గడప దాటి, వాకిలి దాటి మోరీలోకి పోయాయి.

"నీ చేతులు పడిపోను! మళ్ల నల్లా ఎప్పుడస్తది? నా పోరలకు ఏం పొయ్యాలె?" అమ్మ గొంతు వీధి చివరిదాకా వినబడింది. పెద్దవాళ్ళ ముందు తలెత్తని మనిషి, ఆ రోజు ఆయన్ని అనని మాట లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు మండింది. ముసలాయనకు మతి పోయిందనుకున్నాను.

తాత తిట్లన్నీ విన్నాడు. కింద పడ్డ మూతను తిరగేసి, దాని గాడిలో గోరుతో గీకి అమ్మకు చూపించాడు. గోటి నిండా పసుప్పచ్చటి మడ్డి!

"గిది ఎంత తోమినా పోదు బిడ్డా. డ్రమ్ము మందును పీల్చుకుంటది, నీళ్లు పోస్తే మెల్లగ ఇడుస్తది. గీ మందు తాకి నాతోని పనిచేసిన సోపతిగాళ్ల చేతులు పుండ్లు పడ్డయి. పసిపోరడు తాగితే ఎట్ల? తిట్టు, ఎంతన్న తిట్టు... పోరనికి మాత్రం గీ నీళ్లు పట్టకు."

అమ్మ తమ్ముణ్ణి గుండెకు హత్తుకుని, ఆ తడి నేల మీదే కూలబడి ఏడ్చేసింది.

కాసేపటికి తాత భార్య రాజవ్వ రెండు బిందెలు మోసుకొచ్చింది. వాళ్ళింట్లో ఆరుగురు. వాళ్ళకూ అవే నాలుగు రోజుల నీళ్ళు. "అద్దు అత్తా" అని అమ్మ అనబోతే, "నోర్మూసుకొని పట్టు పిల్లా!" అని కసిరింది. మళ్ళీ నల్లా వచ్చేదాకా రోజూ ఒక బిందె వాళ్ళింటి నుంచే వచ్చింది.

సాయంత్రం బాపు వచ్చి, సంగతి విని తల దించుకున్నాడు. ఎవరూ ఎత్తుకెళ్ళి వాడకుండా ఆ డ్రమ్మును గొడ్డలితో ముక్కలు చేశాడు. ఆ తర్వాత మేం జగిత్యాలకు మారేదాకా, నల్లా వచ్చిన ప్రతిసారీ అమ్మ మొదటి బిందె తాత ఇంట్లో దించాకే మా ఇంటికి తెచ్చేది. తప్పయిందని మాత్రం నోరు తెరిచి అనలేదు. మొండిది కదా!

మొన్న తమ్ముడి పెళ్ళికి బాపు స్వయంగా వెళ్ళి, కారులో మల్లయ్య తాతను తీసుకొచ్చాడు. రాజవ్వ ఇప్పుడు లేదు. తాతకు చూపు కూడా సరిగా ఆనడం లేదు. మేనమామలు వరుసలో ఎదురుచూస్తుండగా, అమ్మ కొత్త జంటను ముందు ఆయన దగ్గరికి నడిపించింది.

"ఈయన మనకేమైతడే అమ్మా?" అన్నాడు తమ్ముడు.

"ముందుగాల మొక్కు. తర్వాత చెప్త."

వాళ్ళు లేచాక అమ్మ తాత చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు నోరు జారిన మామా..." అంది.

తాత తమ్ముడి భుజాలు తడుముతూ నవ్వాడు. "తిట్లు నాకు యాదికి లెవ్వు బిడ్డా. పోరడు మంచిగ పెరిగిండు, గది సాలు."

ఇప్పుడు మా ఇంట్లో రోజూ నల్లా వస్తుంది, వంటింటి గోడకు ఫిల్టరు కూడా ఉంది. చాలా సంతోషం... ఆ బిందెల వరుస మళ్ళీ రావాలని నేనైతే కోరుకోను. కానీ పక్కింటివాళ్ళు దేంట్లో నీళ్ళు పట్టుకుంటున్నారో నాకు తెలియదు, నేను ఏం తాగుతున్నానో వాళ్ళకూ తెలియదు.

చెప్పా పెట్టకుండా ఇంట్లోకి వచ్చి, తిట్లు తిని మరీ మేలు చేసినవాళ్ళు మీకూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... ఇంకా ఉన్నవాళ్ళయితే, రాసేముందు ఒకసారి వెళ్ళి కనబడి రండి.