డాంబర్ తాగిన నీళ్లు

మొన్న మా ఇంటికొచ్చిన చుట్టపాయన మంచం మీద కూర్చుంటూనే సంచిలోంచి మూత తీయని నీళ్ల బాటిల్ బయట పెట్టాడు. కోడలు తెచ్చిన నీళ్లు చెంబులోనే ఉన్నాయి. నేను చూసిన చూపుకు ఆయన గుక్క గొంతులో అడ్డం పడింది. "గట్ల గుడ్లురుముతవేంది మామా, పాపం దగ్గుతుండు" అని కోడలు నా మీదికే వచ్చింది. ఆయన తప్పేం లేదు. కానీ బాటిల్ చూస్తే నాకు మా డాంబర్ యాదికొస్తుంది, డాంబర్ యాదికొస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్లను తిట్టబుద్ధవుతుంది.

డాంబర్ మా కుక్క. పేరు విని నల్లదనుకోకండి, పాలలాంటి తెలుపు. రామన్నపేట దిక్కు రోడ్డు వేస్తున్నప్పుడు, పనివాళ్లు వదిలేసిపోయిన డాంబరు డబ్బాలో పడి, ముక్కు ఒక్కటే బయట పెట్టి కుయ్యోమంటుంటే ఎత్తుకొచ్చాను. అప్పటికి నేను బడికి దండం పెట్టి మేకలు కాస్తున్నాను. "బడికి పోరా అంటే పోడు గని, కుక్కలకు సారైతడు" అని అమ్మ నన్ను తిడుతూనే, డాంబరు వదలాలని ఇంట్లో ఉన్న పల్లినూనె అంతా దాని ఒంటికి పట్టించింది. ఆ వారమంతా కూరల్లో నూనె లేదు. బాపు చప్పటి కూర కలుపుకుంటూ, "కుక్క నిగనిగలాడుతాంది, మనమే ఎండిపోతున్నం" అన్నాడు.

కొన్నేళ్లు అది నా మేకలకు నాకంటే మంచి కాపరి. ఆ తర్వాత దాని వెనక కాళ్లు బిగుసుకోవడం మొదలైంది. ముందు గోడ దూకడం మానేసింది, తర్వాత మేకల వెంట రావడం మానేసింది, చివరికి ముందుకాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకునేది. అప్పటికే బాపు మెడ కూడా తిరగడం మానేసింది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సిందే. ఇద్దరూ వాకిట్లో ఒకే గోనెపట్టా మీద కూర్చునేవాళ్లు. "మనిద్దరి కీళ్లకు నూనె పొయ్యడం మర్శిండు రా దేవుడు" అని బాపు దానితో చెప్పుకునేవాడు. ఊళ్లో సగంమంది అలాగే నడిచేవాళ్లు. అది మా ఊరి నడక అనుకున్నాం గానీ జబ్బనుకోలేదు.

మేకలకు సూదులు వేయడానికి పసుల డాక్టరు వస్తే, డాంబర్‌ను ఎత్తుకుపోయి ఆయన ముందు పెట్టాను. "సారూ, జర దీన్ని సూడున్రి." ఆయన కాళ్లు ఒత్తి చూశాడు. నోరు తెరిచి పసుపు చారలు పడ్డ పళ్లు చూశాడు. తర్వాత, అడక్కుండానే, బాపు మెడ వైపు కాసేపు చూశాడు. "నీళ్లు బాగ తాపియ్యి" అన్నాడు. అమ్మ చెంబు తెస్తే, "వద్దమ్మా, నాకున్నయి" అని తన సంచిలోంచి పచ్చ ప్లాస్టిక్ బాటిల్ తీసి గటగటా తాగాడు.

ఆయన పోయాక అమ్మ చెంబులో నీళ్లు వాకిట్లో చల్లేసింది. "మన వాడల నీళ్లు ఆయన తాగుతడారా? మేకల ముట్టిండు, గదే శాన" అంది. మాకు కోపం కూడా రాలేదు. మా పుట్టుక చూసి మా నీళ్లు వద్దన్నవాళ్లను అప్పటికే ఎంతమందిని చూశామో.

డాక్టరు మాట కదా అని అమ్మ ఇంటిముందరి బోరింగు కొట్టి, పొద్దూమాపూ దాని నోట్లో ధార కట్టి పోసేది. పిచ్చిది, తోక కొట్టుకుంటూ తాగేది. ఎంత తాపితే అంత బిగుసుకుపోయింది. అలా ఏళ్లు సాగి, ఒక చలికాలం పొద్దున బాపు తొడ మీద తల పెట్టుకుని కదలడం మానేసింది. మెడ వంచి తన ఒళ్లో ఉన్నదాన్ని చూసుకోలేక, "పోయిందారా?" అని బాపు నన్నడిగాడు.

తర్వాతి ఎండాకాలం జీపు వచ్చింది. దిగినవాళ్లందరి చేతుల్లో బాటిళ్లు. మా బోరింగుకు ఎర్ర రంగు పూసి, ఇందులో ఫ్లోరైడు ఉంది, కీళ్లు బిగుసుకుపోతాయి, తాగొద్దు అని చెప్పి పోయారు. ఆ పచ్చ బాటిల్ అప్పుడు నా కళ్లముందుకొచ్చింది. ఆ డాక్టరు వద్దన్నది మమ్మల్ని కాదు, నీళ్లను.

అంగట్లో ఆయన కనిపిస్తే అడ్డం నిలబడ్డాను. "నీకు ముందుగల్లనే ఎర్కనా సారూ?"

"ఎర్కనే. ఎవలికి ఎర్కలేదు?" నా భుజం తట్టాడు. "చెప్తే మాత్రం మీరు ఏం తాగుతరు బిడ్డా?"

నేను ఇంటిదారి పట్టాను. జవాబు సగం దారిలో దొరికింది. గుట్టవతల మా పాత బావి ఉంది. బోరింగు రాకముందు మా ఊరంతా ఆ నీళ్లే తాగింది. దూరమని వదిలేశాం. ఒక్క మాట చెప్తే, బాపు కోసం బిందె, డాంబర్ కోసం ముంత, రోజూ నేనే మోసేవాణ్ణి. మాకు కాళ్లు లేవా? అప్పటికింకా ఉన్నాయి కదా!

కాలం అన్నీ మరిపిస్తుందంటారు. బోరింగు మీది ఎర్ర రంగును వెలిసిపోయేలా చేసింది, డాంబర్‌ తర్వాత బాపునూ తీసుకుపోయింది. నా కోపం దగ్గరికొచ్చేసరికి మాత్రం, బాపు మెడలాగే, ఎటూ తిరగకుండా బిగుసుకుపోయింది.