చెప్పులు విప్పితేనే క్లచ్ చూసే సారంగపాణి

సుబేదారిలో మెకానిక్ సారంగపాణికి ఒకటే పట్టింపు. క్లచ్ పోయిందని బండి తెస్తే ముందు బానెట్ ఎత్తడు. నడిపేవాడి చెప్పులు విప్పించి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఎడమ కాలు ఒళ్లో పెట్టుకుని చూస్తాడు. రోగం సగం బండిలో, సగం కాల్లో ఉంటుందని ఆయన శాస్త్రం.

రిటైర్డ్ తహసీల్దారు కిషన్ రావు గారినీ వదల్లేదు.

"ఏందయ్యా, బండి రిపేరుకొచ్చిన్నా, కాళ్లు మొక్కించుకోనికొచ్చిన్నా?"

"సార్, మీ పాదం ఎప్పుడు పెడల్ మీదనే పండుకుంటది. ప్లేటు కాలక ఏం జేస్తది?"

ఆయన అలిగి వేరే షెడ్డుకు వెళ్లాడు. మూడు నెలలకు కొత్త ప్లేటూ కాల్చుకుని వచ్చి, అడక్కముందే బూట్లు విప్పాడు.

కాజీపేటలో ట్యాక్సీ నడిపే తిరుమలకు ఈ కాళ్ల పరీక్ష ఒళ్లుమంట. అందుకే క్లచ్ ప్లేటు వేరేచోట వేయించాడు. అది నెల తిరక్కుండానే మాడిపోయింది. రోజూ హసన్‌పర్తి కాలేజీకి దింపే మేడమ్‌లు, బండి ఇంకోసారి ఆగితే వేరేది చూసుకుంటామన్నారు. ఇల్లు గడిచేది ఆ కిరాయితోనే. గతిలేక సారంగపాణి దగ్గరికే వచ్చాడు.

"అన్నా, కాలు గీలు ఇడిశిపెట్టి బండి సూడు. జల్దీ గావాలె!"

"గందుకే జల్దీ చెప్పులిప్పు తమ్మీ."

తిరుమల పళ్లు కొరుకుతూ కాలు చాపాడు. సారంగపాణి అరికాలు తిప్పి చూసి, చిన్న పట్టకారుతో గాజుపెంకు లాగాడు. చుట్టూ పుండు.

"ఇదెప్పుడు గుచ్చుకున్నది?"

"ఏది?" అన్నాడు తిరుమల.

సారంగపాణి వెంటనే షట్టర్ దింపాడు. రిపేరై సిద్ధంగా ఉన్న కిషన్ రావు గారి కారులోనే తిరుమలను ఎక్కించుకుని దవాఖానకు బయల్దేరాడు. తిరుమలకు భయం పట్టుకుంది.

"నీకెందుకే అన్నా, అందరి కాళ్లు?"

"మా బాపు లారీ తోలేటోడు. ఆయన కాలు ఎవ్వలు సూడలె," అని గేరు మార్చాడు సారంగపాణి.

షుగర్ పెరిగి పాదానికి స్పర్శ పోయిందని, ఇంకొన్నాళ్లు ఆగితే వేళ్లు తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. పాదం పెడల్ మీద ఉందో కింద ఉందో తెలియకే అతను ప్లేటు కాల్చుకున్నాడు.

సారంగపాణి ట్యాక్సీకి కొత్త ప్లేటు వేశాడు. పుండు మానేదాకా మేడమ్‌లను తనే దింపాడు. మళ్లీ బండి నడపొచ్చని డాక్టరమ్మ అన్నరోజు తాళాలు తిరుమల చేతిలో పెట్టాడు. ఇప్పుడు గేరు మార్చాక కాలు తీయకపోతే, సారంగపాణి పెడల్ కింద బిగించిన బజర్ కుయ్యిమంటుంది.

"ఏం చప్పుడది తిరుమలా?" అని అడిగింది వెనక సీట్లోంచి యమున మేడం.

"మా సారంగపాణన్న తిడుతాండు మేడం," అని తిరుమల కాలు తీశాడు.