కుట్టిన భుజం

మూడు నెలలుగా అద్దాల మేస్త్రీకి కంటి మీద కునుకు లేదు. కుడిచెయ్యి ఎత్తితే చాలు, భుజంలో టక్కుమంటోంది. పక్కవాడికి వినపడేంత చప్పుడేం కాదు. కానీ ఆయనకి ఒళ్లంతా చల్లబడిపోతోంది.

వయసులో ఉన్నప్పుడు ఆ భుజం పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అటక మీది డబ్బా అందుకోబోతే జారింది. చొక్కా తొడుక్కోబోతే జారింది. ఒకసారి హాయిగా ఒళ్లు విరుచుకుంటే కూడా జారింది, అదేదో పాపం చేసినట్టు! చివరికి నిలువెత్తు అద్దం మోస్తుండగా మెట్ల మీద జారింది. కింద ఉన్న బావమరిది పాదం మీద అద్దం పడింది. వాడు ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

ఆ తర్వాతే ఆపరేషన్. "ఇక జారే ప్రసక్తే లేదు, గట్టిగా బిగించి కుట్టేశాం" అన్నాడు అప్పటి డాక్టరు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారీ జారలేదు. బావమరిది స్థానంలో వాడి అక్క, అంటే మేస్త్రీ భార్య, పనిలోకొచ్చింది. మెట్లెక్కేటప్పుడు ఆవిడ పైన, ఆయన కింద. పడితే తన మీదే పడాలని ఆయన పట్టుదల.

అద్దాల పనిలో ఒక్కటే నియమం. అద్దం జారితే వదిలేసి పక్కకి తప్పుకోవాలి, పట్టుకోవాలని చూడకూడదు. ఆవిడకి అది లక్షసార్లు చెప్పాడు. ఆవిడ వదిలే రకం కాదు. అదే ఆయన భయం. భుజం ఊడొస్తే అద్దంతో పాటు ఆవిడా దొర్లుకుంటూ వస్తుంది.

మొన్న మూడో అంతస్తు మెట్ల మీద టక్కుమంది, వెంటనే చేతిలో పట్టు పోయింది. క్షణం పాటు అద్దం కింద ఆయన చెయ్యే లేదు. ఎందుకో అద్దం కదల్లేదు. అదృష్టం అనుకున్నాడు, ఆవిడకి మాత్రం చెప్పలేదు. మర్నాడు ఆస్పత్రికి బయల్దేరితే ఆవిడ కూడా చెప్పులేసుకుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసింది.

"ఊడిపోతుందా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"ఊడదండీ. జారకుండా మరీ బిగించేశారు. ఇన్నేళ్ల బిగువుకి కీలు అరిగిపోయింది. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, ఆ చప్పుడదే. బరువు ఎత్తినప్పుడు నొప్పికి పట్టు పోతుంది. ఇక అద్దాలు మొయ్యొద్దు. ముందు ముందు కీలు మార్చాల్సి రావచ్చు."

పద్దెనిమిదేళ్లు ఒక దొంగ కోసం తలుపు కాశాడు. వాడు రానేలేదు, ఇల్లు మాత్రం లోపల్నించే పాడైపోయింది.

బయట బల్ల మీద కూర్చున్నాక ఇక దాచలేకపోయాడు. "మొన్న మెట్ల మీద నా చెయ్యి వదిలేసిందే. నీకు తెలీదు."

"తెలీకేం?" అంది ఆవిడ. "రెండేళ్ల నుంచీ మీ వైపు బలం లేదు. బరువు నేనే పైకి లాక్కుంటున్నా. మీరు పట్టుకున్నట్టు ఉంటారంతే. చెబితే బెంగపడతారని చెప్పలేదు."

ఆయనకి సిగ్గేసింది. తన మీద పడాలనుకున్న బరువంతా ఆవిడ మీదే పడుతూ వచ్చిందన్నమాట.

ఇంతలో నర్సు కిటికీలోంచి ఎక్స్‌రే కవరు చాపింది. ఆవిడ లేచి కుడిచెయ్యి ఎత్తింది. చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆవిడ మొహం పాలిపోయింది, పెదవి కరుచుకుని ఎడమచేత్తో కవరు అందుకుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"పదండి, ఆలస్యమవుతోంది."

"ఎప్పట్నుంచే?"

మేస్త్రీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఇంకో చీటీ రాయండమ్మా" అన్నాడు. "ఈసారి మా ఆవిడకి."