మణికట్టు వదిలేసిందన్నారు

డెల్ఫా స్టిడంవి చిన్న చేతులు. రొట్టెలకు పిండి కలుపుతుంటే గిన్నెలో ఎవరో పసిపిల్ల ఆడుకుంటున్నట్టు ఉండేది. ఆ చేతులతోనే ఏళ్ల తరబడి రివాల్వర్ పట్టుకుని మా కెంటకీ కొండల్లో పోలీసు కారు తిప్పింది. తాగొచ్చి పెళ్లాన్ని బాదేవాడి గుమ్మంలో ముందుగా కాలు పెట్టేది ఆవిడే.

ఆడమనిషికి ఆ కారు ఇవ్వడం మా కౌంటీలో డెల్ఫాతోనే మొదలు. కొత్తలో పెట్రోలు బంకు బెంచీ మీద కూర్చునే ముసలాళ్లు, "ఏమ్మా, షెరీఫ్ నిన్ను అద్దాలు తుడవడానికి పెట్టుకున్నాడా?" అని పళ్లికిలించేవాళ్లు. తర్వాత వాళ్ల ఇళ్లలోని కోడళ్లే కష్టమొస్తే ఫోన్ చేసి, "వేరేవాళ్లొద్దు, డెల్ఫాను పంపండి" అనడం మొదలుపెట్టారు. దాంతో బెంచీ మీద నోళ్లు మూతపడ్డాయి.

ఆవిడ మొగుడు క్లైడ్ బొగ్గుగనిలో కప్పు కూలి పోయాడు. ఆ కప్పు కిందే బర్ల్ ఫుగేట్ కుడి మణికట్టు నలిగింది. బర్ల్ బతికి బయటపడ్డాడు. గని మానేసి షెరీఫ్ దగ్గర చేరి, అందరికీ తుపాకీ నేర్పే పని చూసుకునేవాడు. డెల్ఫా చేతిలో మొదట రివాల్వర్ పెట్టింది ఆయనే. ఆవిడకు ఆయన అన్నా అంటే అన్నే. పంది మాంసం వేసి చిక్కుడుకాయలు ఉడికించిన రోజు బర్ల్‌కూ, ఆయన భార్య ఇర్మాకూ ఓ గిన్నె తప్పకుండా వెళ్లేది.

అలా ఉండగా మా కౌంటీ పోలీసు పెద్ద, షెరీఫ్ ఆర్విల్ నేపియర్‌కు కొత్త పిస్టళ్ల మోజు పట్టుకుంది. పొరుగు కౌంటీవాళ్లు కొన్నారట, ఇక మనం ఊరుకుంటే పరువేముంటుంది? అమ్మేవాడు ఒకటి తెచ్చి, వాడి చూడండని వదిలి వెళ్లాడు. నచ్చితే అందరికీ అదే. అదే వస్తే దానితోనే అందరూ గురి పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాళ్ల దగ్గర్నుంచి కారు తాళాలు తీసుకుని జైలు వంటింట్లోకి పంపుతారు. డెల్ఫాకు ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. వంటింట్లో నుంచి ఎవరి గుమ్మంలోకీ కాలు పెట్టలేం కదా.

బొగ్గు తవ్వి వదిలేసిన కొండ పక్కన చదును నేల ఉంది. అక్కడే పిస్టల్‌కు పరీక్ష. ఆకులు ఎర్రబడే కాలం. షెరీఫ్ సాసేజీ రొట్టె నములుతూ నిలబడ్డాడు.

"మూడు సంగతులు చూడాలి," అన్నాడు. "చేతికి ఒదుగుతుందా, ఆగకుండా పేలుతుందా, గురి చూసిన చోటే తగులుతుందా. అంతే."

ముందు షెరీఫ్ మేనల్లుడు ట్రాయ్ కాల్చాడు. వాడివి పార లాంటి చేతులు. ఆ చేతుల్లో పిస్టల్ పిల్లిపిల్లలా ఒదిగిపోయింది. ఆగకుండా పేలింది. తర్వాత బర్ల్ బల్ల ముందు కూర్చుని, పిస్టల్‌ను ఇసుక మూటల మీద ఆనించి నింపాదిగా కాల్చాడు. అట్టబొమ్మ గుండె మీద తూటా పక్కన తూటా దిగింది.

"గురికి వంక పెట్టేది లేదు," అన్నాడు బర్ల్.

"ఇక మన చిట్టి చేతులు," అన్నాడు షెరీఫ్, డెల్ఫా వైపు చూసి.

పిడి మహా లావు. రెండు వరసల తూటాలు పట్టాలని ఇటుకలా చేశారు. వేలు ట్రిగ్గర్‌కు అందాలంటే డెల్ఫా చేతిని పక్కకు మెలితిప్పి పట్టుకోవాల్సి వచ్చింది. అలా పడితే పేలినప్పటి తన్ను ముంజేతి మీద నిలవదు, బొటనవేలి మొదట్లో పడుతుంది. రివాల్వర్‌లా కాదు, ఈ రకం పిస్టల్‌కు వెనకాల చెయ్యి గోడలా నిలబడాలి. అప్పుడే దాని పైభాగం పూర్తిగా వెనక్కి దూకి, పేలిన తూటా ఖాళీ గుల్లను విసిరేసి, కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. చెయ్యి కొంచెం ఊగిందా, సగంలో ఆగిపోతుంది.

డెల్ఫా చేతిలో అదే జరిగింది. రెండు మూడు పేలాక ఖాళీ గుల్ల బయటకు పోకుండా ఇరుక్కుని పొగగొట్టంలా నిక్కి నిలబడింది. తీసేసి మళ్లీ కాల్చింది. మళ్లీ ఇరుక్కుంది.

"మణికట్టు వదిలేస్తున్నావ్," అన్నాడు షెరీఫ్.

"వదల్లేదండీ. పిడి నా చేతిలో పట్టట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఎవరో!" ట్రాయ్ విరగబడి నవ్వాడు. "అక్కా, తుపాకీ అనుకోకు, అప్పడాల కర్ర అనుకో. గట్టిగా పట్టుకుంటావ్."

"నీ మీద ఆడించడానికైతే గట్టిగానే పట్టుకుంటాలేరా," అంది డెల్ఫా. షెరీఫ్ కూడా నవ్వాడు. నవ్వాడు గానీ, పిస్టల్ బాగుందనే తేల్చేశాడు. ఇరుక్కున్నది తుపాకీలో లోపం కాదట, కాల్చిన మనిషిలో లోపమట. బర్ల్ ఖాళీ గుల్లలు ఏరుకుంటూ వంచిన తల ఎత్తలేదు.

ఆ రోజు నుంచీ డెల్ఫా ఇంట్లో తడి తువ్వాళ్లు పిండడమే పని. చేతికి బలం రావాలని ఆరినవాటిని కూడా మళ్లీ తడిపి పిండేది. కొత్త పిస్టళ్లు వచ్చాక సాయంత్రాలు కొండ పక్కకు వెళ్లి కాల్చుకునేది. బలం వచ్చింది. వేళ్లు మాత్రం పొడుగెదగలేదు.

ఒక సాయంత్రం ఆవిడ వెళ్లేసరికే అక్కడ ఎవరో కాలుస్తున్నారు. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక దెబ్బ. ఆ ఆగడం డెల్ఫాకు బాగా ఎరుకే. మలుపు తిరిగి చూస్తే బర్ల్. బల్ల లేదు, ఇసుక మూటలు లేవు. నిలబడి కాలుస్తున్నాడు. పిస్టల్ మీద గుల్ల నిక్కి ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రుద్దుకుంటున్నాడు.

"అన్నా," అంది. "నీకూ ఇరుక్కుంటోందే!"

బర్ల్ ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడొచ్చావమ్మాయ్?"

"చూడాల్సింది చూసేంత ముందే వచ్చా. మనిద్దరి మణికట్లూ ఒక్కసారే చెడ్డాయంటావా?"

"నాది చెడి చాలా కాలమైందిలే. చలి పడితే మూత కూడా తిప్పలేను." పిస్టల్‌ను పెట్టెలో పెట్టేశాడు. "డెల్ఫా, గోడ లాంటి చెయ్యి ఉన్నవాడికే ఇది పేలుతుంది. ఆ మాట నిజం. కానీ నేను నిలబడి కాల్చలేనని తెలిస్తే ఆర్విల్ నన్ను ఒక్క వారం ఉంచుతాడా? ఇర్మాకు రోజూ ఇన్సులిన్ సూది. మందులకిచ్చే ఆఫీసు బీమా పోతే మేమేమైపోవాలి?"

"నీ చేతి సంగతి చెప్పమని ఎవరన్నారు? పిడి లావు, చిన్న చేతికి సరిపడదు, డెల్ఫాకు రివాల్వరే ఉంచండి అని చెప్పు చాలు. నీ మాటైతే వింటాడు."

"చెప్తానమ్మా. పరీక్షకు ముందే చెప్తా. నీ క్లైడ్ మీద ఒట్టు."

చచ్చినవాడి మీద ఒట్టు పెడితే అడగడానికి వాడు తిరిగొస్తాడా?

గురి పరీక్ష రోజు వచ్చింది. అందరి నడుముకూ కొత్త పిస్టళ్లే. డెల్ఫా బర్ల్ ముఖం వైపు చూసింది. బర్ల్ కళ్లు దించుకుని మెడలో విజిల్ సర్దుకున్నాడు. అది చూడగానే ఆవిడకు అర్థమైంది. చెప్పలేదు!

కాల్చింది. పేలినవన్నీ అట్టబొమ్మ గుండెల్లోనే దిగాయి. కానీ పేలనిదానికి గురెక్కడ? గుల్ల ఇరుక్కుంటుంది, తీస్తుంది, అంతలో గడువు అయిపోయిందని విజిల్ మోగుతుంది. రెండో అవకాశం ఇచ్చారు. అందులోనూ అదే తంతు.

"పాపం, గురి ఉంది," అన్నాడు షెరీఫ్. "మణికట్టే నిలవదు. ఏం చేస్తాం డెల్ఫా, నియమం నియమమే."

డెల్ఫా పిస్టల్ బల్ల మీద పెట్టింది. "షెరీఫ్ గారూ, ఒక్క మాట. బర్ల్ అన్నను ఒక్కసారి నిలబడి దీంతో కాల్చమనండి. ఆగకుండా పేలిందా, నోరెత్తకుండా వంటింట్లోకి నేనే నడిచి వెళ్తాను."

అందరూ బర్ల్ వైపు తిరిగారు. బర్ల్ కుడి చెయ్యి కోటు జేబులోకి పోయింది.

"కాల్చేవాళ్లను చూడ్డమే నా పని," అన్నాడు. "నేను కాలిస్తే నువ్వు నెగ్గుతావా?"

ట్రాయ్ కిసుక్కున నవ్వాడు.

ఒక్క మాట చాలు. ఆయన్ని జేబులోంచి చెయ్యి తియ్యమనండి అంటే చాలు. ఆ మాట డెల్ఫా నాలుక చివరిదాకా వచ్చింది. దానితో పాటే ఇర్మా కళ్లలో మెదిలింది, వంటింటి బల్ల దగ్గర కూర్చుని గౌను పైకి లాక్కుని తొడకు సూది పొడుచుకుంటున్న ఇర్మా. ఆ మాట మింగేసింది. తర్వాత కారు తాళాలు తీసి పిస్టల్ పక్కన పెట్టేసింది.

ఆ చలికాలమంతా జైల్లోవాళ్లకు మొక్కజొన్న రొట్టె, సాసేజీ పులుసు వండింది. రాత్రిళ్లు ఏ కోడలో ఫోన్ చేసి డెల్ఫాను పంపమంటే, డెల్ఫా లేదని చెప్పి ట్రాయ్‌ని పంపేవాళ్లు. కొందరు చెయ్యడమే మానేశారు.

విచిత్రమేమిటంటే కోపం పెంచుకున్నది బర్ల్. రోజూ వంటింటి కిటికీ దగ్గర కాఫీ తాగే మనిషి అటు రావడమే మానేశాడు. ఇర్మాకు పంపిన చిక్కుళ్ల గిన్నె ఖాళీ చెయ్యకుండానే తిరిగొచ్చింది. డెల్ఫా ఆ రోజు బయటపెట్టి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాడేమో. తన గుట్టు దాచిపెట్టిందే, అది ఓర్వలేకపోయాడు.

మంచు కరిగే రోజుల్లో ఒక లేడి కారు కింద పడి నడుం విరిగి రోడ్డు పక్కన కొట్టుకుంటోంది. ఆదివారం చర్చి వదిలిన వేళ, జనమంతా చూస్తున్నారు. దాని బాధ తీర్చేద్దామని షెరీఫ్ ఒక చేత్తో కంచె పట్టుకుని గట్టు దిగుతూ, రెండో చేత్తో కాల్చాడు. మొదటిది పక్కకు పోయింది. రెండోది ఇరుక్కుంది. తీశాడు, మళ్లీ ఇరుక్కుంది. లేడి అరుస్తూనే ఉంది. చివరికి ఎవరో ముసలాయన తన ట్రక్కులోంచి రైఫిల్ తెచ్చి ఆ పని ముగించాడు.

షెరీఫ్ మణికట్టు మాట ఎవరూ ఎత్తలేదు. "సరుకే చెత్త సరుకు" అన్నాడాయన. అందరూ అవునన్నారు. నెల తిరక్కుండా ఇంకో రకం పిస్టల్ పరీక్షకొచ్చింది.

అప్పుడొచ్చాడు బర్ల్, వంటింటి కిటికీ దగ్గరికి. టోపీ తియ్యలేదు.

"ఆర్విల్ రమ్మంటున్నాడు. ఇది పిడి సన్నం. చిన్న చేతులవాళ్లు కూడా కాల్చి చూడాలట."

"తాళాలిస్తానన్నాడా?"

"అదేం అనలేదు. కాల్చి చూడమన్నాడు."

డెల్ఫా చేతుల పిండి దులుపుకోలేదు. "వస్తా. ముందు నువ్వు అందరి ముందూ నిలబడి ఒకసారి కాల్చు. తర్వాత నేను."

బర్ల్ టోపీ ముందుకు లాక్కున్నాడు. "నీకింకా ఆ పట్టుదల పోలేదు," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కొండ వైపు నుంచి కాల్పులు వినబడ్డాయి. ట్రాయ్‌వి గబగబా, ఆ తర్వాత ఇసుక మూటల మీద ఆనించినవి నింపాదిగా. అంతటితో ఆగిపోయాయి; డెల్ఫా వంటింట్లోంచి కదల్లేదు. సాయంత్రం ఊరి పత్రికవాడు వస్తే షెరీఫ్ పిస్టల్ పైకెత్తి ఫొటో తీయించుకున్నాడు. ఆగకుండా పేలుతుందన్నాడు, గురి తప్పదన్నాడు, చిన్న చేతులకైతే మరీ సుఖమన్నాడు.